పూతలో ఉన్న గంజాయి మొక్కకు బూడిద తెగులు: వేపనూనె కొట్టొచ్చా?

ముందు ప్రశ్న ఏమిటో చెబుతాను. అడిగినాయన కెనడాలో, ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో ఉంటారు. సొంతిల్లు, బేస్‌మెంట్‌లో మొక్కలు పెంచే టెంట్, అందులో చట్టం ఒప్పుకున్న 4 గంజాయి మొక్కలు. పూత మొదలై నాలుగో వారం నడుస్తోంది. కింది ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు వచ్చాయి, ఫొటోలు కూడా పెట్టారు. పోయినేడాది పెరట్లో పెంచితే, అక్టోబరులో ఇంకో వారంలో కోస్తారనగా పూగుత్తులు లోపల్నుంచి బూజు పట్టి పోయాయట. "మా నాన్న మిరపకి వేపనూనె కొట్టేవారు, దీనికీ కొట్టొచ్చా? లేకపోతే వచ్చే వారం ఇండియా నుంచి వస్తున్న ఫ్రెండ్‌తో అక్కడి తెగులు మందు తెప్పించుకోనా?" అన్నది ప్రశ్న.

వేపనూనె కొట్టొద్దు. మందు తెప్పించుకోవద్దు. మీకు ఇప్పుడు కావలసింది డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలో తేమను లాగేసే యంత్రం. ఈ రాత్రి నుంచే, లైట్లు ఆరిపోయాక టెంట్‌లో తేమ 55 శాతం దాటకుండా చూడండి. మచ్చలున్న ఆకుల్ని ఫ్యాన్ ఆపేసి నెమ్మదిగా తెంపి, అక్కడికక్కడే కవర్లో వేసి మూతికట్టి బయట పారేయండి. మిగిలిన కింది ఆకులకు పొటాషియం బైకార్బనేట్ మందు, లేబుల్ మీద చెప్పిన మోతాదులో, పూగుత్తులు తడవకుండా కొట్టండి. లైట్లు ఆరడానికి ముందే ఆకు ఆరిపోవాలి. అంతే. మిగతాదంతా ఎందుకలా అన్నదానికి వివరణ, ఓపికుంటే చదవండి.

నా సంగతి: బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప చేలల్లో ఆరేళ్ళు తిరిగాను. ఇప్పుడు ఒంటారియోలోనే లీమింగ్టన్ వైపు, లైసెన్సు ఉన్న ఒక గ్లాస్‌హౌస్‌లో మొక్కల ఆరోగ్యం చూసే పని. చుట్టూ టమాటా, దోస, క్యాప్సికం గ్లాస్‌హౌస్‌లు, మధ్యలో మాది.

చట్టం సంగతి కూడా ఒక మాట. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి ఇంటికి 4 మొక్కల వరకు పెంచుకోవచ్చు. మనిషికి కాదు, ఇంటికి. క్యూబెక్‌లో ఇంట్లో పెంచకూడదు. అద్దె ఇల్లయితే ఓనరు అగ్రిమెంటులో ఏం రాశారో చూసుకోవాలి. ఇండియా నుంచి చదువుతున్నవారు మాత్రం దయచేసి నాకు మెసేజ్‌లు పెట్టకండి. అక్కడ ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి సాగుకు పదేళ్ళ దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. నేనేమీ సాయం చేయలేను.

ఇక అసలు విషయం.

మీరు పెట్టిన ఫొటోలో మీటరు 60 శాతం తేమ, 25 డిగ్రీలు చూపిస్తోంది. "60 అంటే బాగానే ఉంది కదా" అని రాశారు. పగలు బాగానే ఉంది. కానీ గాలి చల్లబడితే నీటిని పట్టుకునే శక్తి తగ్గుతుంది. అదే గాలి, ఒక్క చుక్క నీళ్ళు కలపకపోయినా, 19 డిగ్రీలకు దిగితే తేమ 86 శాతం అవుతుంది. 17కు దిగితే దాదాపు నూటికి చేరి, ఆకు మీద మంచు పడుతుంది. బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో రాత్రి లైట్లు ఆరితే 17, 18 మామూలే. పైగా మొక్కకు పోసిన నీళ్ళలో నూటికి 95 వంతులకు పైగా ఆకుల్లోంచి మళ్ళీ గాలిలోకే వస్తాయి. నాలుగు మొక్కలకు రోజుకు రెండేసి లీటర్లు పోస్తే 8 లీటర్ల నీటిని ఆ చిన్న టెంట్‌లో ఆవిరి చేస్తున్నట్టు లెక్క. పగలు మీటరు చూసుకుని నిద్రపోతున్నారు, తెగులేమో రాత్రి డ్యూటీ చేస్తోంది.

అందుకే చెప్తున్నా, గరిష్ఠం, కనిష్ఠం గుర్తుపెట్టుకునే మీటరు కొనండి. పది, పదిహేను డాలర్లు ఉంటుంది. కొన్నాక దాన్ని నమ్మే ముందు ఉప్పు పరీక్ష పెట్టండి: సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దగా తడిసేటన్ని నీళ్ళు పోసి, మీటరుతో పాటు జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత కలుపుకోవాలి, లేదా తీసేయాలి. నా ఇంట్లో మొదట కొన్నది 66 చూపించింది. అంటే అది 55 అన్నప్పుడల్లా నేను 64లో ఉన్నానన్నమాట. ఆ ఏడు నా మొక్కలకూ బూడిద వచ్చింది, అందరికీ సలహాలిచ్చేవాడిని!

బూడిద తెగులు మన ఊళ్ళో తెలియనిదేం కాదు. మినుముకు, మిరపకు, ద్రాక్షకు, మామిడి పూతకు వస్తుంది. ఒక్కో పంట మీద ఒక్కో శిలీంధ్రం. గంజాయి మీద వచ్చేది గొలోవినోమైసిస్ అనే జాతి. దీని స్వభావం మిగతావాటికి కాస్త తేడా. చాలా శిలీంధ్రాల విత్తనాలు మొలవాలంటే ఆకు తడిగా ఉండాలి. దీనికి అక్కర్లేదు, గాలిలో తేమ చాలు. పైగా బతికున్న ఆకు మీదే బతుకుతుంది, చచ్చిన ఆకు మీద ఉండదు. కాబట్టి పాత టెంట్, పాత కుండీ కంటే దీని అసలు దారి కొత్తగా తెచ్చిన మొక్క, లేదా పక్క గదిలోంచి మీ చొక్కా మీద వచ్చిన పొడి.

ముందు అది బూడిదేనా కాదా అని తేల్చుకోండి. నాలుగో వారంలో పూత మీద సహజంగా వచ్చే జిగురు నూగు (ట్రైకోమ్‌లు) కూడా తెల్లగానే కనిపిస్తుంది, కొత్తవాళ్ళు దాన్ని చూసి టెన్షన్ పడుతుంటారు. జిగురు నూగు మెరుస్తుంది, వేలికి అంటుకుంటుంది, భూతద్దంలో చూస్తే పుట్టగొడుగుల్లా కాడ మీద తలలుంటాయి. బూడిద మెరవదు. గుండ్రటి మచ్చగా మొదలై, వేలితో తుడిస్తే పోయి, మూడు నాలుగు రోజుల్లో అదే చోట మళ్ళీ వస్తుంది. మీ రెండో ఫొటో చూస్తే నాకు అనుమానం లేదు, బూడిదే.

పాలు కొట్టొచ్చా అని కింద కామెంట్లలో ఎవరో అడిగారు. బ్రెజిల్‌లో 1999లో జుకినీ మీద పాలు నీళ్ళలో కలిపి కొట్టి బూడిద తెగులు తగ్గించినట్టు పరిశోధన వచ్చింది, అబద్ధం కాదు. కానీ మూసి ఉన్న టెంట్‌లో, పూత మీద, పాలు పులిసిన వాసన వస్తే ఆ పంట ఎవరు వాడతారు? గంధకం పొడి మన మిరప రైతులకు ప్రాణం, నాకూ ఇష్టమే, కాకపోతే అది పూత రాకముందు మాత్రమే. 30 డిగ్రీలు దాటినప్పుడు కొడితే ఆకు మాడుతుంది. నూనె మందు కొట్టి రెండు వారాలు కాకుండా గంధకం కొట్టినా మాడుతుంది. పూత మీద పడితే వాసన వదలదు.

ఇప్పుడు వేపనూనె. మిరపకాయను కోసి, ఎండబెట్టి, వండుకుని తింటాం. కాయ నున్నగా ఉంటుంది, ఎండకు, వానకు నూనె పోతుంది. ఈ పూగుత్తిని కడగరు, తొక్క తీయరు. అదంతా జిగురే. దాని మీద పడిన నూనె అక్కడే ఉండిపోతుంది. దాన్ని కాల్చి ఊపిరితిత్తుల్లోకి పీలుస్తారు. తినేదాని మీద పనికొచ్చేది పీల్చేదాని మీద పనికి రావాలని లేదు. పైగా నూనె పూగుత్తిని తడిగా ఉంచి, పోయినేడాది మీకు వచ్చిన బూజు కుళ్ళుకు తలుపు తీస్తుంది.

ఇండియా నుంచి మందు తెప్పించుకోవడం ఇంకా ప్రమాదం. మన దగ్గర బూడిదకు ఎక్కువగా వాడేవి ట్రయజోల్ మందులు: హెక్సాకొనజోల్, మైక్లోబ్యుటానిల్ లాంటివి. అవి మొక్క లోపలికి పోయి అక్కడే ఉంటాయి. మైక్లోబ్యుటానిల్‌ను వేడిచేస్తే హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. 2016 చివర్లో, 2017లో కెనడాలో లైసెన్సున్న కంపెనీల సరుకే ఈ మందు అవశేషాలు దొరికాయని వెనక్కి తెప్పించారు. ఆ దెబ్బ తర్వాతే ఇక్కడ పురుగుమందుల పరీక్షలు గట్టిపడ్డాయి. ఇక్కడ హెల్త్ కెనడా దగ్గర నమోదై, లేబుల్ మీద గంజాయి పేరు రాసి ఉన్న మందే వాడాలి. టమాటా అని రాసి ఉంటే టమాటాకే.

గ్లాస్‌హౌస్ అనుభవం ఒకటి చెప్తాను. ఇంతకుముందు నేను పనిచేసిన చోట బయటి నర్సరీ నుంచి క్లోన్లు, అంటే కొమ్మ ముక్కలకు వేళ్ళు పట్టించిన మొక్కలు తెప్పించారు. కొత్తవాటిని 14 రోజులు విడి గదిలో పెట్టాలని రూలు. జాగా లేదని ఆరో రోజే లోపల పెట్టేశారు. చూడ్డానికి ఆకు కడిగిన ముత్యంలా ఉంది. మూడో వారానికి ఆ వరసంతా తెలుపు. నెలకు పక్క గది. ఆ తర్వాత ఖర్చుపెట్టిన బైకార్బనేట్, మనుషుల కూలి, తీసి పారేసిన మొక్కలు కలిపితే విడిగా ఇంకో గది కట్టించొచ్చు. మీ స్థాయిలో విడి గది అంటే ఇంట్లో ఇంకో మూల ఒక చిన్న లైటు, అంతే. ముందు పాత మొక్కల పని చూసుకుని, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్ళాలి. ఈ వరస తిరగబడితే విడిగా పెట్టి లాభం లేదు.

పోయినేడాది మీ పెరట్లో వచ్చింది బొట్రైటిస్, బూజు కుళ్ళు. పాలమూరు, నల్గొండ వైపు వాళ్ళకు దీని చుట్టాన్ని పరిచయం చేయక్కర్లేదు. ఆముదం గెల వేసే సమయంలో తుఫాను ముసురు పడితే కాయలకు బూజు పట్టి కుళ్ళిపోతుందే, ఆ కుటుంబమే. చల్లదనం, ముసురు, గాలి ఆడని గుత్తి, ఈ మూడూ కలిస్తే చాలు. 15 నుంచి 25 డిగ్రీల మధ్య, తేమ 85 దాటితే దానికి పండగ. ఒంటారియోలో సెప్టెంబరు చివర్న, అక్టోబరులో తెల్లవారుజామున పడే మంచు దానికి చేసిపెట్టినట్టే ఉంటుంది. సరిగ్గా అప్పుడే మామూలు రకాలు కోతకు వస్తాయి. మీ తప్పు పెద్దగా ఏం లేదు, క్యాలెండరుదే తప్పు.

దీన్ని ఎలా కనిపెట్టాలంటే, పచ్చగా నిండుగా ఉన్న పూగుత్తి మధ్యలో ఒకే ఒక్క చిన్నాకు ఎండినట్టు కనిపిస్తుంది. దాన్ని వేళ్ళతో పట్టి లాగితే ఏ పట్టూ లేకుండా చేతికొస్తుంది. అక్కడ గుత్తి విప్పి చూడండి, లోపల గోధుమరంగు మెత్తదనం, బూడిదరంగు నూగు ఉంటాయి. కనబడిన చోటికి మూడు నాలుగు సెంటీమీటర్లు కిందనుంచి, ముందే కవరు తొడిగి, కత్తిరించాలి. దులపొద్దు, ఊదొద్దు. ఆ గుత్తిలో బాగున్న సగం దాచుకుందామనే ఆశ మాత్రం వద్దు. బూజు పట్టినదాన్ని పీల్చడం ఎవరికీ మంచిది కాదు. అవయవ మార్పిడి జరిగినవాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఇంకా జాగ్రత్త. ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు వాళ్ళ ఊపిరితిత్తుల్లో దిగితే ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి మందు లేదనే అనుకోండి. బాసిల్లస్ బ్యాక్టీరియాతో చేసిన జీవమందులున్నాయి, ముందునుంచీ కొడితే కొంత ఆపుతాయి. గుత్తి లోపలికి దిగాక ఏ స్ప్రే అక్కడిదాకా పోదు. పెరట్లోనే పెంచాలనుకుంటే వచ్చే ఏడాది ఆటోఫ్లవర్ రకాలు వేయండి. అవి పగటి పొడవుతో పని లేకుండా పూస్తాయి. జూన్ మొదట్లో నాటితే ఆగస్టులో కోసేయొచ్చు, మంచు మొదలయ్యేసరికి మీ పంట సీసాలో ఉంటుంది. దిగుబడి తక్కువేగానీ, కుళ్ళిన పెద్ద గుత్తి కంటే బాగున్న చిన్న గుత్తి నయం కదా. మామూలు రకమే కావాలంటే పైన పారదర్శకమైన రేకో, పాలిథిన్ పందిరో వేసి, పక్కలు మాత్రం మూయకండి. పొద్దున్నే కొమ్మ ఊపి మంచు రాల్చడం పిచ్చిపనిలా అనిపిస్తుంది కానీ పనిచేస్తుంది. గొంగళి పురుగు కూడా చూసుకోండి. అది గుత్తిలో తొలిచిన దారిలోనే బూజు మొదలవుతుంది. వాతావరణ శాఖ నాలుగు రోజులు వాన అంటే, పూర్తిగా పండలేదని ఆగకుండా ముందే కోసేయండి.

కోశాక కూడా అయిపోదు. 18 డిగ్రీల దగ్గర, తేమ 55 నుంచి 60 మధ్య, చీకట్లో, గాలి కదులుతూ ఆరాలి. తొందరపడి సీసాకెక్కిస్తే లోపలే బూజు.

వేరుకుళ్ళు మీరు అడగలేదు, కానీ ఫొటోలో కుండీ కింద ప్లేటులో నీళ్ళు కనిపించాయి కాబట్టి చెప్తున్నా. ఆ ప్లేటు తీసేయండి. పిథియం అనే జీవి నిలవ నీటిని ఇష్టపడుతుంది. నిజామాబాద్ పసుపులో దుంపకుళ్ళు, పొగాకు నారుమళ్ళలో నారుకుళ్ళు తెచ్చేది ఈ జాతే. ఇక్కడ సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో జమీర్ పుంజా బృందం గంజాయి వేళ్ళ మీద కూడా పిథియం, ఫ్యుజేరియం అనే శిలీంధ్రం రెండూ ఉన్నాయని చూపించింది. మొక్క మధ్యాహ్నం వాడి, మట్టి తడిగానే ఉందంటే అనుమానించాలి. మనవాళ్ళేమో వాడింది కదా అని ఇంకో చెంబు పోస్తారు. కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటేనే నీళ్ళు పోయాలి. ఇంతకు మించిన పరికరం లేదు. తెల్లటి వేరు ఆరోగ్యం. గోధుమరంగులో ఉండి, లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మిగిలితే కుళ్ళు. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం మంచిదే, నాటేటప్పుడు వేళ్ళ దగ్గర వేస్తే. కుళ్ళాక వేస్తే లాభం లేదు. మట్టి పైన తిరిగే చిన్న నల్ల దోమల్లాంటి ఈగలు ఈ తెగుళ్ళను కుండీ నుంచి కుండీకి మోస్తాయి, పసుపు జిగురు అట్టలు పెట్టండి. అవి కూడా పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటేనే వస్తాయి.

ఫ్యుజేరియం అయితే కందిలో వచ్చే ఎండు తెగులులా ఉంటుంది. ఒక పక్క కొమ్మలు పసుపెక్కి వడలిపోతాయి, కాండం నిలువునా చీలిస్తే లోపల గోధుమరంగు చారలు. దానికి వైద్యం లేదు. మొక్క, మట్టి రెండూ బయటికే. ఆ మట్టిని టమాటా మడిలో పోసుకోకండి.

ఇంకోటి, కొత్తగా వచ్చిన తలనొప్పి: హాప్ లేటెంట్ వైరాయిడ్. బీరులో వేసే హాప్ మొక్క గంజాయికి దగ్గరి చుట్టం, దాన్నుంచి పేరు. 2019లో కాలిఫోర్నియా గంజాయిలో దీన్ని నిర్ధారించారు. వైరస్ కంటే చిన్నది, 256 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ చుట్ట, పైన తొడుగు కూడా లేదు. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరి తోటల్ని తుడిచిపెట్టిన కడాంగ్-కడాంగ్ కూడా ఇలాంటి వైరాయిడే. మొక్క చావదు, అదే అసలు చిక్కు. గిడసబారి, కొమ్మలు పెళుసుగా, గుత్తులు చిన్నగా, జిగురు తక్కువగా ఉంటుంది. ఎరువు తక్కువైందేమోనని మీరు ఎరువు వేస్తూ పోతారు. కత్తెర ద్వారా, క్లోన్ల ద్వారా వ్యాపిస్తుంది. చాలామంది కత్తెరను ఆల్కహాల్‌తో తుడిచి శుభ్రమైందనుకుంటారు, నేనూ కొన్నేళ్ళు అదే చేశాను. ఆల్కహాల్ వైరాయిడ్‌ను చంపదు. ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు, రోజూ కొత్తగా కలిపి, కత్తెరను కనీసం నిమిషం ముంచాలి. తర్వాత కడిగి తుడవకపోతే తుప్పు పడుతుంది. రెండు కత్తెరలుంటే ఒకటి నానుతుంటే ఇంకోటి వాడొచ్చు. బ్లీచ్‌ను వెనిగర్‌తోగానీ, ఇంకే క్లీనర్‌తోగానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇంటి మొక్కలకు నా సలహా, క్లోన్లు కాకుండా విత్తనం నుంచి పెంచుకోండి. విత్తనం ద్వారా వైరాయిడ్ అసలు రాదని కాదు. బూడిద తెగులయితే విత్తనం ద్వారా వచ్చే పని లేదు. ఎవరో స్నేహితుడు ప్రేమగా ఇచ్చిన క్లోన్ ఒక్కటి చాలు, పైన చెప్పినవన్నీ ఇంట్లోకి రావడానికి.

పై ఆకుల కొసలు మాడాయని మూడో ఫొటో పెట్టారు. అది తెగులు కాదు, ఎరువు ఎక్కువైంది. వచ్చే రెండు సార్లు ఉత్త నీళ్ళు పోయండి.

ఇక మీ టెంట్‌కు వస్తే, నాలుగు మొక్కలూ బాగా గుబురుగా ఉన్నాయి, ఒకదాని ఆకులు ఇంకోదాని మీద పడుకున్నాయి. కింద మూడో వంతు ఎలాగూ వెలుతురు అందని ఆకులే, వాటిని తీసేయండి, కానీ ఒక్కరోజులో కాదు, నాలుగైదు రోజుల్లో. ఒక ఫ్యాన్ ఆకుల కింద, ఒకటి పైన, నేరుగా గుత్తి మీద కొట్టకుండా. తేమ బయటికి లాగే ఫ్యాన్‌ను రాత్రి ఆపొద్దు. చాలామంది చప్పుడని ఆపేస్తారు. చివరిసారి నీళ్ళు లైట్లు వెలిగిన మొదటి గంటల్లోనే పోయండి, పడుకునే ముందు కాదు. ఎడమ వెనక ఉన్న మొక్క మాత్రం ఫొటోలో నడుము దాకా తెల్లబడి ఉంది. నేనైతే దాన్ని ఈరోజే కాండం మొదట్లో కోసి, పెద్ద కవరు తొడిగి, మిగిలిన మూడింటికి జాగా ఇచ్చేస్తాను. ఇంకా నాలుగైదు వారాల పూత ఉంది, అది కోతదాకా రాదు, పక్కవాటినీ రానివ్వదు. నాలుగు నెలలు పెంచిన మొక్క, మనసొప్పదని తెలుసు.

రేపు పొద్దున లైట్లు వెలిగే ముందు మీటరులో రాత్రి గరిష్ఠ తేమ ఎంత చూపించిందో ఇక్కడ పెట్టండి. ఉప్పు పరీక్ష అంకె కూడా.